పైడితల్లి వంటిల్లు

కూర్మన్నపాలెంలో కొనుక్కున్న ఫ్లాటు తాళాలు చేతికొచ్చిన రోజు సత్యశ్రీ డ్యూటీ నుంచి ఇంటికి వస్తూ దారిలో ఒక కొలత టేపు కొనుక్కుంది. సామాన్ల తరలింపు ఇంకా మూడు వారాలుంది. ఆమెకి మాత్రం ఆ రాత్రి నుంచే పని మొదలైపోయింది.

ఆటోనగర్‌లో బోల్టులు, నట్లు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో సత్యశ్రీ స్టోరు చూసుకుంటుంది. ఏ సైజు బోల్టు ఏ అరలో ఏ డబ్బాలో ఉందో అడగ్గానే చెప్పేస్తుంది. భర్త గుణశేఖర్ స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు మీద క్రేన్ నడుపుతాడు. ఇద్దరి ఉద్యోగాలూ గాజువాక వైపే. ఉండేది మాత్రం గోపాలపట్నంలో, సూర్యకాంతమ్మ గారింట్లో కింద వాటాలో. రోజూ ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఇద్దరూ ఇంటికొచ్చేసరికి పదేళ్ళ కూతురు దేవిశ్రీ మామ్మ పక్కన చేరి సగం నిద్రలో ఉండేది. కూర్మన్నపాలెం నుంచైతే ఇద్దరికీ పని దగ్గర. అందుకే ఈ మార్పు.

సత్యశ్రీ బెంగంతా ఆ మామ్మ, అంటే తన అత్తగారి గురించే.

పైడితల్లికి అరవై ఆరేళ్ళు. మూడేళ్ళ కిందట కళ్ళలో నరాలు ఎండిపోతున్నాయని డాక్టర్లు చెప్పారు. చుక్కలు వేశారు, ఆపరేషన్ చేశారు. చూపు నిలవలేదు. ఇప్పుడు ఆమెకు తెలిసేది వెలుగూ నీడా మాత్రమే. అయినా గోపాలపట్నం ఇంట్లో ఆమె నడుస్తుంటే కొత్తవాళ్ళెవరికీ అనుమానం రాదు. పడకగది గుమ్మం నుంచి పొయ్యికి ఎనిమిది అడుగులు. పొయ్యి దగ్గర నిలబడి కుడిచెయ్యి చాపితే ఉప్పు, దాని పక్కన పసుపు, పై అరలో పప్పులు. పొద్దున్న కొడుకూ కోడలూ లేచేసరికి అట్ల పిండి గరిటె జారే చప్పుడు వినబడుతూనే ఉంటుంది. ఈ మూడేళ్ళలో ఒక్క గాజు గ్లాసు కూడా పగలగొట్టలేదు.

ముప్పై రెండేళ్ళు తిరిగిన ఇల్లు కాబట్టి సరిపోయింది. కొత్త ఇంట్లో ఎలా? మూడో అంతస్తు, తెలియని గుమ్మాలు, తెలియని మూలలు. నున్నటి టైల్సు. అత్త ఒక మంచం మీద కూర్చుండిపోయి, మంచినీళ్ళకి కూడా ఎవరినో పిలవాల్సి వస్తుందేమోనని సత్యశ్రీ భయం.

"పాత వంటగదినే అక్కడికి పట్టుకుపోదాం," అంది ఒక రాత్రి భర్తతో.

"పట్టుకుపోడమేటి?" గుణశేఖర్‌కి అర్థం కాలేదు.

"అన్నీ ఇలగే పెట్టీద్దామండీ. ఉప్పు డబ్బా ఎక్కడుందో అక్కడే. అర ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తు. బియ్యం డ్రమ్ము గుమ్మం పక్కనుంది కదా, అక్కడా గుమ్మం పక్కనే. అప్పుడు అత్తమ్మకి కష్టం ఉండదు."

"కొత్త అరలు సేయిత్తానన్నావు, కలర్ కూడా ఎంచినావు కదా?"

"ఇప్పుడొద్దు. పాత సెక్క అరలే బిగించమందాం."

గుణశేఖర్ ఆమె మొహంకేసి చూశాడు. "మంచి ఐడియాయే," అన్నాడు. ఆ గొంతులో ఉన్నది మెప్పే. సత్యశ్రీకి అది చాలు.

ఆ మర్నాటి నుంచి దేవిశ్రీ పాత స్కూలు పుస్తకంలో మిగిలిన తెల్ల కాగితాలు కొలతలతో నిండడం మొదలైంది. అత్త స్నానానికి వెళ్ళినప్పుడు సత్యశ్రీ టేపు తీసేది. పొయ్యికీ ఉప్పుకీ మధ్య జానెడు. నేలనుంచి మొదటి అర నాలుగడుగుల పది అంగుళాలు. నీళ్ళ బిందె నుంచి పొయ్యికి మూడు అడుగులు. అత్త వంట చేస్తున్నప్పుడు గుమ్మంలో చప్పుడు చెయ్యకుండా నిలబడి ఆమె చెయ్యి ఏ డబ్బా తరవాత ఏ డబ్బా మీదకి వెళ్తోందో కూడా రాసుకుంది. ఈ సంగతి అత్తకి ముందే చెప్పకూడదనీ, అక్కడికి వెళ్ళాక ఒక్కసారిగా సంతోషపెట్టాలనీ ఆమె అనుకుంది. దేవిశ్రీతో ఒట్టు కూడా వేయించుకుంది.

ఆదివారాలు మొగుడూ పెళ్ళాలు బండి మీద కూర్మన్నపాలెం వెళ్ళేవాళ్ళు. గుణశేఖర్ సుద్దముక్కతో నేలమీద గీతలు గీసేవాడు, సత్యశ్రీ పుస్తకం చూసి చెప్పేది. కొత్త వంటగదికి కిటికీ ఎడమవైపు. గుమ్మం మాత్రం, అదృష్టం కొద్దీ, పాత ఇంట్లో ఉన్న వైపే. కుళాయిని మార్చడం కుదరలేదు గాని మిగతాదంతా కుదిరింది. వడ్రంగి అరల ఎత్తు విని, "ఇంత పైకి ఎందుకమ్మా? అందుకోడం కట్టం," అన్నాడు.

"పరవాలేదు. మాకు అలవాటే," అంది సత్యశ్రీ.

గురువారం పొద్దున్న మంచి ముహూర్తానికి కొత్త ఇంట్లో పాలు పొంగించారు. పైడితల్లి కొత్త పసుపుపచ్చ చీర కట్టుకుని, మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది. పాలు పొంగుతున్న చప్పుడు విని నవ్వింది. తరవాత వంటగది గోడ మీద అరచెయ్యి ఆనించి మెల్లగా నడుస్తూ, "గాలి ఈ ఏపు నుంచి వత్తాదా?" అనడిగింది. కిటికీ ఎక్కడుందో, ఎంత వెడల్పుందో అడిగింది. కిటికీ కింద నేలమీద కూర్చుని చూస్తానంటే సత్యశ్రీ, "ఇప్పుడెందుకత్తమ్మా, నేల తడిగా ఉంది, జారతారు," అని హాల్లోకి తీసుకొచ్చేసింది. పైడితల్లి మళ్ళీ ఏమీ అడగలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆటోలో కూడా మాట్లాడలేదు. భయపడుతోంది పాపం అనుకుంది సత్యశ్రీ.

మిగిలిన మూడు రోజులూ మూటలు కట్టడంతోనే సరిపోయింది. కిరాణా కొట్టు నుంచి తెచ్చిన అట్టపెట్టెల మీద సత్యశ్రీ నల్ల స్కెచ్ పెన్నుతో నంబర్లు వేసి, ఏ నంబరులో ఏముందో జాబితా రాసింది. పైడితల్లి ఊరుకోలేదు. "నీ నంబర్లు నాకేటి తెలుత్తాయే?" అని ప్రతి పెట్టెకీ పురికొస తనే కట్టింది. ఒక ముడి అంటే పప్పులు, రెండు ముళ్ళంటే పొడులు, మూడంటే గిన్నెలు. ఆవకాయ జాడీని తన పాత చీరలో చంటిపిల్లని చుట్టినట్టు చుట్టి, దాన్ని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వనంది.

ఆదివారం పొద్దున్న వ్యాను వచ్చింది. ఇద్దరు కళాసీలు సామాన్లు మోస్తుంటే పైవాటాలోని సూర్యకాంతమ్మ మెట్ల మీద కూర్చుని కళ్ళొత్తుకుంటూ, "ముప్పై ఏళ్ళు. ఒక్కనాడు మాటామాటా అనుకోలేదు. ఇప్పుడు ఎవులితో మాటాడీది?" అంది. పైడితల్లి ఆమె చేతులు రెండూ పట్టుకుని, "బస్సుంది కదేటి. ఎక్కి వచ్చీ. గాజువాక దాటి రెండే స్టాపులు," అంది. స్టాపులు రెండు కాదు. కానీ ఎవరూ ఆమెను సరిదిద్దలేదు.

పైడితల్లి వ్యానులోనే వస్తానంది. డ్రైవరు పక్కన ఆమె, ఒళ్ళో ఆవకాయ జాడీ, ఆ పక్కన ఇరుక్కుని సత్యశ్రీ. గుణశేఖర్ కూతుర్ని ఎక్కించుకుని బండి మీద వెనకాల. ఫ్లైఓవర్ ఎక్కగానే పైడితల్లి, "ఎన్‌ఏడీ వచ్చీసినామా?" అంది. ఇంకొంత దూరం పోయాక ముక్కు ఎగబీల్చి, "ఇనుం వాసన. నీ ఆటోనగర్ ఇదేనేటి?" అంది. సత్యశ్రీకి ఆశ్చర్యం వేసింది. తన చీరల్లోంచి రోజూ వచ్చే వాసన అదేనని అప్పటిదాకా ఆమెకి తట్టలేదు.

మధ్యాహ్నం మూడింటికి వంటగది తయారైంది. పప్పుల డబ్బాలు పై అరలో, ఉప్పు జానెడు దూరంలో, బియ్యం డ్రమ్ము గుమ్మం పక్కన. సత్యశ్రీ చెమట తుడుచుకుని, అత్త చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చి వదిలేసింది.

"ఇప్పుడు మీరే నడవండత్తమ్మా. ఏటీ అడక్కండి. గోపాలపట్నంలో ఎలా నడిసేవోరో అలాగే నడవండి."

పైడితల్లి నిలబడింది. కుడికాలు ముందుకు వేసింది. మోకాలికి డ్రమ్ము తగిలింది, తప్పుకుంది. అడుగులు లెక్కపెట్టుకుంటూ పొయ్యి దగ్గర ఆగింది. చెయ్యి చాపింది. ఉప్పు. పక్కన పసుపు. మునివేళ్ళ మీద లేచి పై అర అందుకుంది. కందిపప్పు. ఆమె చెయ్యి ఆ డబ్బా మీదే చాలాసేపు ఉండిపోయింది.

"మామ్మా! అంతా సేమ్ టు సేమ్!" అని దేవిశ్రీ చప్పట్లు కొట్టింది. గుణశేఖర్ మొహం తిప్పుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

పైడితల్లి వెనక్కి తిరిగి కోడలి మొహం కోసం వెతికి, రెండు చేతుల మధ్యా పట్టుకుంది. "బాగుందమ్మా. సానా బాగుంది," అంది.

ఆ సాయంత్రం అత్త చేసిన టీ తాగుతూ, మూడు వారాల అలసట అంతా పోయిందనిపించింది సత్యశ్రీకి.

తరవాత రెండు రోజులూ పైడితల్లి వంట చేసింది. తప్పు లేదు, తడుముకోవడం లేదు. కానీ వంట అవగానే బాల్కనీలోకి వెళ్ళి కూర్చునేది. పిలిస్తే పలికేది. అంతే. మోకాలికి కొబ్బరినూనె రాసుకుంటోంది. "కొత్త చోటు కదా, సర్దుకుంటాది," అన్నాడు గుణశేఖర్. పాత వంటగదే కదా, సర్దుకోవడానికి ఏముంది అని సత్యశ్రీకి లోపల ఎక్కడో గుచ్చుకుంది.

బుధవారం సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి వచ్చి తలుపు తియ్యగానే వంటగదిలోంచి డబ్బా దొర్లిన చప్పుడు వినబడింది. చెప్పులు విప్పకుండానే పరుగెత్తింది.

పైడితల్లి నేలమీద కూర్చుని ఉంది. చుట్టూ డబ్బాలన్నీ. అరలు ఖాళీ. బియ్యం డ్రమ్ము గుమ్మం దగ్గర లేదు, గది మధ్యలో ఉంది. ఒక సీసా పగిలి మెంతులు చెల్లాచెదరయ్యాయి.

"ఓలమ్మో! పడిపోయినారేటి? దెబ్బ తగిలిందా? గాజుపెంకులున్నాయి, కదలకండి!"

"పడనేదే. సర్దుతన్నాను," అంది పైడితల్లి. ఆ మొహంలో, అమ్మకి తెలియకుండా అల్లరి చేస్తూ దొరికిపోయిన పిల్లకుండే బెదురు.

సత్యశ్రీ గాజుపెంకులు ఏరి, మెంతులు ఊడ్చి, అత్త ఎదురుగా కూర్చుంది. "ఏటి సర్దుతన్నారు? అన్నీ సర్దే ఉన్నాయి కదా. ఏదైనా తప్పు పెట్టినానా?"

"తప్పు నేదు. తప్పు నేదనే బాధ." పైడితల్లి చీర కొంగు వేళ్ళ మధ్య నలుపుకుంది. "నాను సెప్పింది విని కోప్పడతావేటి?"

"సెప్పండి."

"ఆ వంటిల్లు నాది కాదే. ఊర్నుంచి గోపాలపట్నం వచ్చిన్నాడు మీ మావ సర్దినాడు. ఆ మనిసి పొడుగు కదా. తన సేతికందే ఎత్తులో అరలు కొట్టించినాడు. నాను మునేళ్ళ మీద లేవడవే. ఈ బుజం నొప్పి అక్కడిదే. ఆ డ్రమ్ము గుమ్మం దగ్గరెట్టినాడు, వచ్చినప్పుడూ ఎల్లినప్పుడూ మోకాలికి తగలడవే. జరపమంటే, పెట్టిన వస్తువు కదపకూడదనీవోడు. మంచోడే, నన్ను ఏనాడూ ఏటీ అన్నేదు. కానీ ఆ ఒక్కటీ వినీవోడు కాదు."

మామగారు సన్యాసిరాజు పోర్టులో పనిచేసేవాడు. పోయి అయిదేళ్ళయింది. ఆయన కూర్చునే కుర్చీని కూడా ఎవరూ జరిపేవారు కాదని సత్యశ్రీకి గుర్తుంది.

"ఆయన పోయినాక మార్సుకుందావనుకున్నాను. అంతలో కళ్ళు పోయినాయి. అప్పుడింక ఏది కదిపినా నాకే దారి తెలీదు కదా, ఊరుకున్నాను. ఈ ఇంటి తాళాలొచ్చినాయని నువ్వు సెప్పిన్నాడు నాకెంత సంతోసవో తెలుసా? పడుకుని రోజూ మనసులో సర్దుకున్నాను. డబ్బాలన్నీ కింద అరలో. కిటికీ కింద పీట. కూరలు తరుక్కుంటా కింద పిల్లల మాటలు వినొచ్చు. డ్రమ్ము ఆ మూలకి."

"మరి నాకెందుకు సెప్పనేదు?" అంది సత్యశ్రీ. "ఒక్క మాట అంటే పోయీది కదా."

"ఎలా సెప్పీది? నువ్వు టేపెట్టి కొలుత్తన్నావని నాకు తెలుసు."

"దేవి సెప్పీసిందా?"

"అది ఒట్టు తప్పనేదు, దాన్నేటీ అనకు. టేపు లోపలికి ఎల్లినప్పుడు టక్కుమంటాది కదే. నాను నీళ్ళు పోసుకుంటన్నంతసేపూ టక్కు టక్కు. గుమ్మంలో నిలబడి నువ్వు రాత్తంటే పెన్ను సప్పుడు కూడా తెలిసీది. నా కన్నకూతురున్నా అంత సేస్తాదా అనిపించింది. అంత ప్రేమగా సేత్తంటే, ఇది నాకొద్దే అని నోరెలా వత్తాది?"

సత్యశ్రీ లేచి బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పింది. మొహం కడుక్కుంటూ నిలబడిపోయింది. మూడు వారాలు. కొత్త అరలు మానుకుంది. కూతురు అడిగిన గులాబీ రంగు డబ్బాలు కూడా వద్దంది. అంత చేసి, అత్తని తీసుకెళ్ళి అత్తకి ఇష్టం లేని చోటే మళ్ళీ నిలబెట్టింది. ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియదు. పాలు పొంగించిన రోజు కిటికీ కింద కూర్చుంటానన్న మనిషిని తనే లేవదీసుకొచ్చిన సంగతి గుర్తొచ్చింది. అన్నీ కొలిచింది గాని, ఒక్కసారి అడగలేదు.

బయటికొచ్చేసరికి పైడితల్లి డబ్బాలు ఒక్కొక్కటే తడిమి మళ్ళీ అరలో పెట్టేస్తోంది. మునివేళ్ళ మీద లేచి పై అర అందుకోబోతోంది.

"అయ్యో, దించండి దించండి," అంది సత్యశ్రీ. ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుంది. "ఎక్కడ ఏటి కావాలో సెప్పండి. మొదటి నుంచి సెప్పండి."

"కోపం వచ్చింది కదే నీకు?"

"వచ్చింది. పోతాది లెండి. ముందు సెయ్యి సాపండి. బుజం నొప్పి లేకుండా ఎంత దూరం సాపగలరో అంతే."

పైడితల్లి చెయ్యి చాపింది. సత్యశ్రీ ఆ వేళ్ళ చివర గోడ మీద పెన్సిలుతో గీత పెట్టింది.

ఏడింటికి గుణశేఖర్ డ్యూటీ నుంచి వచ్చేసరికి భార్యా, తల్లీ, కూతురూ ముగ్గురూ వంటగది నేల మీద ఉన్నారు. మధ్యలో డబ్బాలు. దేవిశ్రీ ఒక్కో డబ్బా మామ్మ చేతికిస్తూ, "ఇది?" అంటోంది. మామ్మ ఊపి, చప్పుడు విని, "మినప్పప్పు. కింద అర, ఎడం పక్క," అంటోంది.

"ఏటిది? మళ్ళీ మూటలు కడతన్నారేటి?" అన్నాడు అతను గుమ్మంలోనే ఆగి.

"డ్రిల్లింగ్ మిసను పట్టుకురండి," అంది సత్యశ్రీ. "అర కిందకి దింపాలి."

"నువ్వే కదా ఆ ఎత్తులో..."

"నానే. తప్పు కొలిసినాను."

అతను తల్లి మొహం చూశాడు, భార్య మొహం చూశాడు. టిఫిన్ క్యారేజీ కింద పెట్టి మిషను కోసం వెళ్ళాడు. పనంతా ఆ రోజే అవలేదు. రెండు సాయంత్రాలు పట్టింది. పాత అరల్లో ఒకటి కిందకి దిగింది, ఒకటి సత్యశ్రీ కోసం పైనే ఉంది. కిటికీ కింద పీట వేశారు. డ్రమ్ము మూలకి పోయింది. దేవిశ్రీకి గులాబీ రంగు డబ్బాలు రెండు దక్కాయి.

ఆ వారం అంత సజావుగా ఏమీ సాగలేదు. పైడితల్లి రెండుసార్లు కిటికీ రెక్కకి నుదురు కొట్టుకుంది. ఒకరోజు కాఫీలో ఉప్పు పడింది. గుణశేఖర్ ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు. "ఏటి, బాగోనేదా?" అని తల్లి అడిగితే, "వేడిగా ఉంది," అన్నాడు. దేవిశ్రీ నవ్వాపుకోలేక నిజం చెప్పేసింది. ముందు పైడితల్లే పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో సత్యశ్రీకి గుర్తురాలేదు.

నెల తిరిగేసరికి కిటికీ కింద పీట మీద కూర్చుని, కింద ఆడుకునే పిల్లలందర్నీ గొంతులు గుర్తుపట్టి పేర్లతో పిలవడం నేర్చుకుంది పైడితల్లి. ఎదురు ఫ్లాటులో ఉండే దేముడమ్మ అనే ఆవిడ ఆనపకాయో, తోటకూరో పట్టుకుని వచ్చి పక్కన చేరేది. ఇద్దరూ తరుక్కుంటూ చీపురుపల్లి వైపు తమ ఊళ్ళ కబుర్లు చెప్పుకునేవారు.

ఒక ఆదివారం అత్తకి విశ్రాంతి ఇద్దామని సత్యశ్రీ పులుసు పెట్టడానికి పొయ్యి దగ్గర నిలబడింది. పోపు గరిటెలో నూనె కాగిపోతోంది. ఆమె ఒక డబ్బా మూత తీసింది, వాము. ఇంకోటి తీసింది, గసగసాలు. పై అర వెతికింది, కింద అర వెతికింది.

"జీలకర్ర ఎక్కడెట్టినారత్తమ్మా? నూనె మాడిపోతంది!"

కిటికీ దగ్గర బెండకాయలు తరుగుతున్న పైడితల్లి తల తిప్పకుండానే, "అంత కంగారెందుకే? ముందు పొయ్యి తగ్గించు," అంది. "కింద అర. కుడేపు మూడోది. కాదు, అది ఆవాలు. సప్పుడు వినబడతంది. దాని పక్కది."

సత్యశ్రీ దాని పక్కది తీసింది. జీలకర్రే. గరిటెలో వేసింది, చిటపటలాడింది.

"మాడనేదు కదా?"

"నేదత్తమ్మా."

"వాసన తెలుత్తంది. మంచిదే. ఇంగువ కూడా ఎయ్యి," అని పైడితల్లి ఇంకో బెండకాయ అందుకుంది.